మురుగుకాలువలలో మనుష్యులను దింపుటను గూర్చిన చట్టము

మురుగుకాలువలోనో సెప్టిక్ ట్యాంకులోనో ప్రమాదము జరిగినప్పుడు చనిపోవువాడు పెక్కుమారులు ఒక్కడు కాడు. మొదటివాడు పడిపోగానే వానిని పైకి తీయుటకు రెండవవాడును, అతనికై మూడవవాడును దిగుదురు. ముగ్గురును అచటనే ఉండిపోవుదురు.

దీనికి కారణము లోపలి గాలి. మలినము కుళ్లుట వలన హైడ్రోజన్ సల్ఫైడు, మీథేను, బొగ్గుపులుసు వాయువు పుట్టును, ప్రాణవాయువు తగ్గును. హైడ్రోజన్ సల్ఫైడు గాలికంటె బరువైనది గనుక అడుగున నిలుచును. స్వల్పముగా నున్నప్పుడు మురిగిన గ్రుడ్ల వాసన కొట్టును. పది లక్షల పాళ్ల గాలిలో అది సుమారు నూరు పాళ్లకు చేరినచో మనుష్యునికి వాసన తెలియు శక్తియే నశించును. "వాసన పోయినది, ఇక దిగవచ్చును" అని మేస్త్రీ చెప్పు మాట ఇందువలననే ప్రాణాంతకము. దీపము దించి చూచు పాత పద్ధతియు విడువదగినదే, మీథేను అంటుకొనును. మూత తీసి కొంతసేపు ఉంచినను చాలదు. బురదను కదిలింపగానే అందు చిక్కియున్న వాయువు మరల వెలువడును. గాలిని కొలుచు యంత్రమును తప్ప మరి దేనిని నమ్మరాదు.

1993 నాటి చట్టము పొడి మరుగుదొడ్లను, మలమును చేతితో ఎత్తుటను నిషేధించెను గాని మురుగుకాలువల పనివారిని స్పష్టముగా పేర్కొనలేదు. 2013 డిసెంబరు 6వ తేదీన అమలులోనికి వచ్చిన చట్టము ఆ లోపమును తీర్చినది. దాని 7వ సెక్షను ప్రకారము ఏ వ్యక్తియు, ఏ స్థానిక సంస్థయు, ఏ ఏజెన్సీయు నేరుగా గాని పరోక్షముగా గాని ఒకనిని మురుగుకాలువ లేక సెప్టిక్ ట్యాంకును అపాయకరముగా శుభ్రపరచు పనిలో నియోగింపరాదు. పరోక్షముగా అను పదమును కాంట్రాక్టులు ఇచ్చు అధికారులు గమనింపవలెను. తన యింటి ట్యాంకునకై కూలిని పిలిచిన గృహస్థునికిని ఇది వర్తించును. శిక్ష మొదటి నేరమునకు రెండేండ్ల వరకు ఖైదు, లేక రెండు లక్షల రూపాయల వరకు జుల్మానా, లేక రెండును. తరువాతి నేరమునకు ఐదేండ్లు, ఐదు లక్షలు. నేరము బెయిలునకు అర్హము కాదు.

చేతితొడుగులు, గమ్‌బూట్లు ఇచ్చితిమి గనుక దోషము లేదని కొందరు తలంతురు. ఇది పొరపాటు. 2013 నియమముల ప్రకారము రక్షణ సామగ్రి యున్నను మనుష్యుని దింపుట సాధారణ పద్ధతి కాదు. యంత్రము పనిచేయజాలని చోట విరిగిన మ్యాన్‌హోలు మూతను తీయుట, అడుగున బిగించిన పంపును పైకి తెచ్చుట వంటి కొన్ని పనులకే అది చెల్లును. ఇతర సందర్భములలో తప్పనిసరి యైనచో స్థానిక సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారి కారణములను వ్రాతమూలముగా నమోదు చేసి అనుమతింపవలెను. నోటిమాట చెల్లదు. పనివాడు ఎడతెగక తొంబది నిమిషములకు మించి పనిచేయరాదు. నడుమ ముప్పది నిమిషముల విరామము ఉండవలెను. సూపర్‌వైజరుతో కూడ కనీసము ముగ్గురు అచట నుండవలెను.

నష్టపరిహారము విషయములో న్యాయస్థానము ముందుకు నడచినది. 1993 నుండి ఈ పనిలో మరణించినవారి కుటుంబములకు పది లక్షల చొప్పున ఇయ్యవలెనని సుప్రీముకోర్టు 2014 మార్చి 27న ఆజ్ఞాపించెను. 2023 అక్టోబరు 20న ఆ మొత్తమును ముప్పది లక్షలకు పెంచినది. శాశ్వతముగా పనికి అశక్తుడైనవానికి ఇరువది లక్షలకును, ఇతర అంగవైకల్యములకు పది లక్షలకును తగ్గరాదు. కాంట్రాక్టు పనిలో మరణము జరిగినచో కాంట్రాక్టును వెంటనే రద్దుచేసి ధనబాధ్యతను మోపునట్టి ఏర్పాటు ఉండవలెననియు ఆ తీర్పులో నున్నది. 2025 జనవరి 29న ఢిల్లీ, ముంబయి, చెన్నై, కలకత్తా, బెంగుళూరు, హైదరాబాదు నగరములలో ఈ పనిని నిలిపివేయుమని ఆజ్ఞాపించినది. హైదరాబాదులో ఇరుకు సందులలో పోగల చిన్న జెట్టింగు యంత్రములు 2017లోనే వాడుకలోనికి వచ్చినవి గనుక సందు ఇరుకను సాకు అంతగా నిలువదు.

2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన నాలుగు కార్మిక కోడులు ఇరువదితొమ్మిది పాత చట్టములను తమలో చేర్చుకొన్నవి. వానిలో 2013 చట్టము లేదు. అది యథాతథముగా నున్నది. కోడుల వలన కలిగిన మేలు ఏమనగా, నియామకపత్రము ఇచ్చుట యజమానికి విధి యైనది. పనివాని పేరే ఏ కాగితములోను లేదను చిక్కు ప్రమాదానంతరము కుటుంబములను మిక్కిలి బాధించుచున్నది గదా.

తాలూకా అధికారులకు ఒక సంగతి. కేసులు నమోదగుచున్నవా, విచారణ జరుగుచున్నదా అని చూచుట సబ్‌డివిజను విజిలెన్సు కమిటీ పని. నేరము జరిగిన మూడు మాసముల లోపల ఫిర్యాదు దాఖలు కానిచో న్యాయస్థానము దానిని స్వీకరింపదు. కావున మరణవార్త వచ్చిన దినముననే కాంట్రాక్టు కాగితములను, అనుమతిపత్రము నకలును, పనివారి హాజరు పట్టీని స్వాధీనము చేసికొనవలెను.