ఐదు షిల్లింగుల చందాతో పుట్టిన ఉద్యోగం

1870ల నాటి లండన్ పోలీసు కోర్టుల్లో రోజూ ఒకటే తంతు. తాగి వీధిలో పడిపోయినవాళ్లు, తాగి కొట్టుకున్నవాళ్లు బోనెక్కేవారు. జైలుకెళ్లి వచ్చేవారు, మళ్లీ తాగేవారు, మళ్లీ అదే బోనులో తేలేవారు. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో అచ్చుపని చేసుకునే ఫ్రెడరిక్ రైనర్‌కు ఇది మింగుడుపడలేదు. వీళ్లకు కోర్టులోనే చేయందించే మనిషి ఒకరుండాలంటూ 1876లో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ వారి మద్యపాన వ్యతిరేక సంఘానికి ఉత్తరం రాశాడు. ఉత్తరంతో పాటు ఐదు షిల్లింగులు పంపాడు. సంఘం సదర్క్ కోర్టులో ఒక మిషనరీని నియమించింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రొబేషన్ వ్యవస్థకు అదే మొదలు.

చందాలతో మొదలైన పనికి ఒక చిక్కుంది. చేసేవాళ్లు పుణ్యం కోసం చేస్తున్నారని లోకం అనుకుంటుంది. పుణ్యం కోసం చేసేవాళ్లు జీతం పెంచమంటే వింతగా చూస్తుంది. పైగా వీళ్లు సాయపడేది బడిపిల్లలకో రోగులకో కాదు, నేరస్థులకు. నర్సులు రోడ్డెక్కితే జనం జాలిపడతారు. ప్రొబేషన్ అధికారులు రోడ్డెక్కితే అసలు వీళ్లెవరని అడుగుతారు. అలాంటి ఉద్యోగుల తరఫున నూరేళ్లకు పైగా గొంతెత్తుతున్న సంఘం నేపో. 1912లో పెట్టినప్పుడు దాని పేరు నేషనల్ అసోసియేషన్ ఆఫ్ ప్రొబేషన్ ఆఫీసర్స్. తమాషా ఏమిటంటే, స్థాపకుడు సిడ్నీ ఎడ్రిడ్జ్ స్వయంగా ప్రొబేషన్ అధికారి కాదు. క్రాయ్‌డన్‌లో మేజిస్ట్రేట్లకు న్యాయ సలహాలిచ్చే కోర్టు క్లర్కు. ఈ పని ఎంత అవసరమో, చేసేవాళ్ల బతుకు ఎంత అరకొరగా ఉందో రోజూ కళ్లారా చూసే చోటే ఆయన కుర్చీ.

ఇంతకీ ప్రొబేషన్ అధికారి చేసే పనేమిటి? నేరం రుజువైన మనిషిని జైలుకు పంపాలా, బయటే ఉంచి కట్టడి చేయాలా అని జడ్జి ఆలోచిస్తున్నప్పుడు, ఆ మనిషి గురించి నివేదిక కావాలి. ఇల్లుందా? పనుందా? తాగుతాడా, మత్తుమందు వాడతాడా? పాత కేసులేమిటి? ఇంట్లో భార్యాబిడ్డలకు వాడి వల్ల ప్రమాదముందా? ఇవన్నీ ఆరా తీసి, ఈసారి ఏం చేస్తే మళ్లీ తప్పు చేయకుండా ఉంటాడో రాసివ్వాలి. శిక్ష పడ్డాక ఆ మనిషిని క్రమం తప్పకుండా కలుస్తూ ఉండాలి. జైలు నుంచి షరతులపై విడుదలైనవాళ్లనూ కనిపెట్టాలి. షరతు తప్పితే తిరిగి జైలుకు పంపే ప్రక్రియ మొదలుపెట్టేదీ ఈ అధికారే. ఒకే మనిషికి ఆప్తుడిగానూ, కాపలాదారుగానూ ఉండాల్సిన ఉద్యోగమిది.

1907 నాటి చట్టం ఈ అధికారి విధులను చెబుతూ నేరస్థుడికి సలహా ఇవ్వాలని, సాయపడాలని, స్నేహంగా మెలగాలని రాసింది. ఆ చట్టం ఛాయలు మన దగ్గరా పడ్డాయి. మద్రాసు రాష్ట్రం 1937లోనే ప్రొబేషన్ చట్టం తెచ్చుకుంది కాబట్టి అప్పటి ఆంధ్ర జిల్లాలకు ఈ వ్యవస్థ కొత్తేమీ కాదు. దేశమంతటికీ 1958లో వచ్చిన చట్టంలో 14వ సెక్షన్ చదివితే సలహా, సాయం రెండూ కనిపిస్తాయి. స్నేహాన్ని మాత్రం మనవాళ్లు వదిలేశారు. ఆ చట్టానికి సుప్రీంకోర్టులో ప్రాణం పోసిన తీర్పుల్లో ఒకటి రాజమండ్రికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావుది. 1964లో రతన్‌లాల్ కేసులో పదహారేళ్ల ముద్దాయి విషయం వచ్చింది. శిక్ష పడిన తర్వాతే ఆ ప్రాంతంలో చట్టం అమల్లోకి వచ్చినా, అప్పీలు కోర్టు దాని మేలు ఇవ్వవచ్చని ఆయన రాశారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇప్పటికీ జిల్లా ప్రొబేషన్ అధికారి పదవి ఉంది. కానీ కోర్టు మెట్లెక్కినవాళ్లలో కూడా ఆ పేరు విన్నవాళ్లు తక్కువే.

ఇంగ్లండ్‌కు వద్దాం. 1907 చట్టం అధికారులను నియమించవచ్చని చెప్పిందే కానీ, నియమించి తీరాలని చెప్పలేదు. చాలాచోట్ల పార్ట్ టైమ్ మనుషులను పెట్టుకుని కేసుకింత అని ఫీజు ఇచ్చేవారు. ఎక్కువ కేసులు తీసుకుంటే ఎక్కువ డబ్బు, ఒక్కో మనిషికి తక్కువ సమయం. మిషన్ సంఘాలు పెట్టిన అధికారులకు ఇద్దరు యజమానులు. ఒకరు కోర్టు, ఇంకొకరు మత సంస్థ. మహిళా అధికారులకు మగవాళ్ల కన్నా తక్కువ జీతం. నేపో తొలినాళ్లలో పట్టుబట్టింది ఈ అస్తవ్యస్తం మీదే. 1925 నాటి చట్టంతో ప్రతి కోర్టు పరిధిలో ప్రొబేషన్ అధికారి ఉండటం తప్పనిసరైంది. 1936లో ప్రభుత్వ కమిటీ ఒకటి మిషన్ సంఘాలతో కలిసి సాగే ద్వంద్వ పెత్తనానికి స్వస్తి చెప్పాలంది. ఈలోగా 1929లో సంఘం సొంత పత్రిక మొదలుపెట్టింది. అదే ఇప్పుడు ప్రొబేషన్ జర్నల్ పేరుతో పరిశోధకులు చదివే పత్రిక. జీతాల కోసం పోరాడే సంఘం పరిశోధన పత్రిక నడపడమేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. నేపో ప్రత్యేకత అక్కడే ఉంది. అది కార్మిక సంఘమూ, వృత్తి సంఘమూ కూడా. జీతం సంగతి, పని నాణ్యత సంగతి విడివిడిగా మాట్లాడలేమన్నది దాని వాదన.

శిక్షణ విషయంలో ఈ వాదనకు గట్టి పరీక్ష ఎదురైంది. 1946లో లండన్‌లో ప్రొబేషన్ శిక్షణ కేంద్రం తెరిచి దానికి రైనర్ హౌస్ అని, ఆ ఐదు షిల్లింగుల మనిషి పేరే పెట్టారు. తర్వాతి దశాబ్దాల్లో ఈ ఉద్యోగానికి సోషల్ వర్క్ అర్హత ఉండాలన్న నియమం స్థిరపడింది. 1995లో హోం మంత్రి మైకేల్ హోవర్డ్ ఆ నియమాన్ని ఎత్తేశారు. సైన్యంలో, పోలీసుల్లో పనిచేసి వచ్చినవాళ్లు నేరస్థులను మరింత గట్టిగా దారిలో పెట్టగలరన్నది అప్పటి ప్రభుత్వ ఆలోచన. నేపో, విశ్వవిద్యాలయాలు గోల చేశాయి. ప్రభుత్వం మారాక 1998లో ప్రొబేషన్‌కే ప్రత్యేకంగా కొత్త డిప్లొమా వచ్చింది. మధ్యలో గడిచిన ఆ కొద్దికాలం అర్హతంటే ఏమిటో తెలియని ఖాళీగానే మిగిలింది.

నేపో చెప్పిందల్లా వేదం కాదు. కాలికి తగిలించే ఎలక్ట్రానిక్ ట్యాగును అది ఏళ్ల తరబడి వ్యతిరేకించింది. ట్యాగు ఆగలేదు సరికదా, ఇవాళ ఆ దేశపు శిక్షల్లో మామూలు భాగమైపోయింది. మాజీ సైనికులు 20,000 మంది దాకా జైళ్లలో లేదా ప్రొబేషన్ పర్యవేక్షణలో ఉన్నారని 2009లో నేపో వేసిన లెక్కతో రక్షణశాఖ ఏకీభవించలేదు. ఆ లెక్క అటూ ఇటూ అయినా, అప్పటిదాకా ఎవరికీ పట్టని విషయం పత్రికల్లోకెక్కింది. సంఘం తరఫున ఏళ్లపాటు విలేకరులతో మాట్లాడిన హ్యారీ ఫ్లెచర్ ఇంకో పనీ చేశారు. వెంటపడి వేధించడాన్ని ప్రత్యేక నేరంగా చూడాలన్న ఉద్యమంలో ముందు నిలిచారు. 2012 నవంబరులో ఆ చట్టం ఇంగ్లండ్, వేల్స్‌లలో అమల్లోకి వచ్చింది. నేరస్థుల పక్షమని పేరుపడ్డ సంఘం నుంచి బాధితుల కోసం చట్టం కదలడం చాలామంది ఊహించనిది.

పని ఒత్తిడి ఎంత దూరం వెళ్తుందో 2008 జూన్‌లో జరిగిన ఒక ఘోరం చూపించింది. లండన్ న్యూ క్రాస్‌లో ఇద్దరు ఫ్రెంచి విద్యార్థులు అతి దారుణంగా హత్యకు గురయ్యారు. హంతకుల్లో ఒకడు జైలు నుంచి వచ్చి ప్రొబేషన్ పర్యవేక్షణలో ఉన్నవాడు. నిజానికి ఆ సమయానికి అతను తిరిగి జైల్లో ఉండాల్సింది. అతని బాధ్యత చూస్తున్న అధికారి అర్హత పొంది ఎన్నో నెలలు కాలేదు. చేతిలో 127 కేసులు. లండన్ ప్రొబేషన్ అధిపతి రాజీనామా చేశారు. న్యాయమంత్రి జాక్ స్ట్రా మాత్రం ఇది డబ్బు చాలక జరిగింది కాదని, నిర్వహణ లోపమని అన్నారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. కానీ 127 మందిని ఒక్కరే చూడాల్సి వచ్చిన చోట నిర్వహణ లోపం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తేల్చడం మాటలు కాదు.

అసలైన దెబ్బ 2013లో వచ్చింది. న్యాయమంత్రి క్రిస్ గ్రేలింగ్ ప్రొబేషన్‌ను రెండు ముక్కలు చేయాలని నిర్ణయించారు. ప్రమాదకర నేరస్థులు ప్రభుత్వ సేవ కిందికి, మిగతావాళ్లు 21 కొత్త కంపెనీల కిందికి. ఆ కంపెనీలను ప్రైవేటు సంస్థలు నడుపుతాయి, తిరిగి నేరం చేసేవాళ్లు తగ్గితే అదనంగా చెల్లింపులుంటాయి. నేపో ఆ నవంబరులో ఒకసారి, మరుసటి వసంతంలో మరోసారి సమ్మెకు దిగింది, కోర్టుకూ వెళ్లింది. ఏదీ ఆపలేకపోయింది. 2014 జూన్‌లో విభజన జరిగిపోయింది. ఒకే గదిలో పక్కపక్క బల్లల దగ్గర పనిచేసినవాళ్లు వేర్వేరు యజమానుల కిందికి వెళ్లారు. ఒక మనిషి ప్రమాదస్థాయి పెరిగితే, అతన్ని అప్పటిదాకా ఎరిగిన అధికారిని వదిలి ఫైలు ఇంకో సంస్థకు మారాలి. ప్రమాదం పెరుగుతున్న సరిగ్గా ఆ సమయంలోనే అతను కొత్త మనిషి చేతిలో పడతాడు. నేపో మొదటి నుంచీ మొత్తుకున్నది దీని గురించే.

తర్వాత జరిగింది నేపో ఊహించినదానికంటే అధ్వానం. కొన్ని కంపెనీలు నేరస్థులను నేరుగా కలవకుండా ఫోన్లోనే పలకరించి సరిపెట్టాయి. 2019 ఫిబ్రవరిలో డోర్సెట్, డెవన్, కార్న్‌వాల్ ప్రాంత కంపెనీపై ఇన్‌స్పెక్షన్ నివేదిక వచ్చింది. లక్ష్యాలు అందుకోవడం కోసం మనిషిని కలవకుండానే అతని శిక్షా ప్రణాళిక పూర్తి చేసిన సందర్భాలున్నాయని అందులో తేలింది. అదే సమయంలో దాని యజమాని సంస్థ వర్కింగ్ లింక్స్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. మరుసటి నెలలో చీఫ్ ఇన్‌స్పెక్టర్ గ్లెనిస్ స్టేసీ ఈ నమూనా బాగుచేయలేనంతగా లోపభూయిష్ఠమని తేల్చేశారు. కాంట్రాక్టులను గడువుకు ముందే ముగించాల్సి రావడంతో ప్రభుత్వానికి కనీసం 467 మిలియన్ పౌండ్ల అదనపు భారమని జాతీయ ఆడిట్ కార్యాలయం లెక్కకట్టింది. చివరికి 2021 జూన్ 26న అంతా మళ్లీ ఒకే ప్రభుత్వ సేవలో కలిసింది.

గెలిచినట్టా? సంఘం నాయకులు ఆ రోజు సంతోషపడ్డ మాట నిజమే. కానీ ఆ ఏడేళ్లలో అనుభవజ్ఞులు చాలామంది వెళ్లిపోయారు. వాళ్లు తిరిగి రాలేదు. ఒక్కొక్క కంపెనీ ఒక్కో రకంగా ఇచ్చిన జీతాలను ఒకే వరసలోకి తేవడం మరో తలనొప్పి. 2022లో మూడేళ్ల జీతాల ఒప్పందం కుదిరింది. ఆ గడువు 2025 మార్చితో తీరిపోయింది.

ఆఫీసులో ఈ ఒత్తిడి ఎలా ఉంటుందంటే, ప్రతి అధికారి పనిని ఒక కంప్యూటర్ పరికరం శాతంలో చూపిస్తుంది. ఏ కేసుకు ఎన్ని పాయింట్లు, నివేదికకు ఎన్ని అని లెక్కగట్టి కూడుతుంది. 100 అంటే పూర్తి పని. 110 దాటితే అధిక భారం. స్క్రీన్ మీద 130, 140 కనిపిస్తున్నవాళ్లు కూడా ఉదయం వచ్చిన ఫోన్ ఎత్తకుండా ఉండలేరు. ఆ ఫోన్ ఒక భార్య నుంచి కావచ్చు, రాత్రి ఇంటికి వచ్చి తలుపు బాదాడని చెప్పడానికి.

ఇప్పుడు ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 2 లక్షల 40 వేల మంది ప్రొబేషన్ పర్యవేక్షణలో ఉన్నారు. జైళ్లు కిక్కిరిసి 2024 సెప్టెంబరు నుంచి చాలామందిని శిక్షలో 40 శాతం పూర్తికాగానే వదలడం మొదలుపెట్టారు. బయటికొచ్చినవాళ్లందరూ చేరేది ఈ అధికారుల బల్ల దగ్గరికే. అంతకు ముందే, ఏప్రిల్లో, చాలా కేసుల్లో శిక్షాకాలం చివరి మూడో వంతులో కలవడాలు మానేయమని ఆదేశాలొచ్చాయి. భారం తగ్గించడానికి దొరికిన దారి పని తగ్గించడమే అయింది. 2025 మే నెలలో మాజీ న్యాయమంత్రి డేవిడ్ గాక్ సమీక్ష జైలు శిక్షలు తగ్గించి సమాజంలో అమలయ్యే శిక్షలు పెంచమంది. ప్రభుత్వం ప్రొబేషన్‌కు 2028 నాటికి ఏటా 700 మిలియన్ పౌండ్ల వరకు పెంచుతామని, 2026 మార్చి నాటికి 1,300 మంది కొత్త ట్రైనీలను తీసుకుంటామని ప్రకటించింది. ఒక ట్రైనీ పూర్తి అర్హత పొందడానికి 15 నుంచి 21 నెలలు పడుతుంది. ఆ లోపు కేసులు మోసేది పాతవాళ్లే. ఆ 700 మిలియన్లలో ఎంత ట్యాగు యంత్రాలకు పోతుంది, ఎంత మనుషుల జీతానికి వస్తుందన్నది 2013 నుంచి నేపో ప్రధాన కార్యదర్శిగా ఉన్న ఇయాన్ లారెన్స్ ఎదుట, ఆయన సభ్యుల ఎదుట ఉన్న బేరం.