ఆకు పసరుకు పరీక్ష

వానాకాలం వచ్చిందంటే మన హాస్టల్లో చాలామందికి సెగ్గడ్డలే. మా ఊర్లో అయితే అవ్వ కుప్పింటాకు, పసుపు కలిపి నూరి కట్టేస్తుంది. "అదంతా మూఢనమ్మకం" అని కొందరు, "డాక్టరు మందుకన్నా అదే మేలు" అని కొందరు, మన గదిలో రోజూ కొట్లాటే. నోటితో అది తేలదు. తేల్చే పరీక్ష ఒకటి ఉంది. సైన్సు టీచరుగారిని అడిగి తెలుసుకుని రాస్తున్నాను.

సెగ్గడ్డలకు ఎక్కువగా కారణం స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా. (ఈ పేరు పలకడానికి నాకు రెండు రోజులు పట్టింది!) సముద్రపు నాచు నుంచి తీసిన అగర్‌లో బాక్టీరియాకు మేత కలిపి, గాజు పళ్లెంలో పోసి గడ్డ కట్టనిస్తారు. దానిమీద బాక్టీరియాను సమంగా పూస్తారు. ఆకును నీడన ఎండబెట్టి, దంచి, ఆల్కహాలులో నానబెట్టి వడకడతారు. ఆ పసరు పట్టించి ఆరబెట్టిన 6 మిల్లీమీటర్ల కాగితం బిళ్లను పళ్లెంలో పెట్టి, 37 డిగ్రీల వేడిలో ఒక రోజు ఉంచుతారు. అది మన ఒంటి వేడే. మర్నాటికి పళ్లెమంతా మసక పొర కమ్ముతుంది. పసరు పనిచేస్తే బిళ్ల చుట్టూ గుండ్రంగా ఖాళీ మిగులుతుంది. దాన్ని స్కేలుతో కొలుస్తారు.

నాకు బాగా నచ్చింది ఏమిటంటే, పక్కనే ఉత్త ఆల్కహాలు బిళ్ల కూడా పెడతారు. బాక్టీరియాను చంపింది ఆకా, ఆల్కహాలా అని దొంగను పట్టడానికి! ఇంకో బిళ్ల యాంటీబయాటిక్‌ది, పోల్చి చూడ్డానికి.

కానీ మా అవ్వ నూరేది పచ్చాకు. ఎండుటాకు పసరు పనిచేయకపోతే అవ్వది తప్పని ఎలా అంటాం? పచ్చాకుకూ ఒక బిళ్ల పెట్టాలి. పసరు తీసే తీరు చాలా ముఖ్యం. చైనాలో తూ యూయూ గారు మలేరియా మందు కోసం ఒక మొక్కను వెతికినప్పుడు, వేడి చేస్తే గుణం పోతోందని అనుమానించి, 1971లో తక్కువ వేడిలో ఈథర్‌తో తీశారు. అప్పుడు పనిచేసింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఖాళీ వచ్చినంత మాత్రాన మందు దొరికినట్టు కాదు. పళ్లేనికి చర్మం లేదు, నెత్తురు లేదు. గజ్జి సంగతి వేరు, అది చిన్న పురుగు వల్ల వస్తుంది, ఈ పరీక్షలో తేలదు. మట్టి అంటిన ఆకు పచ్చి పుండుకు కడితే ధనుర్వాతం సోకే ప్రమాదం కూడా ఉంది. గడ్డ చుట్టూ ఎర్రగా పాకినా, జ్వరం వచ్చినా వెంటనే వార్డెన్ గారికి చెప్పి ఆసుపత్రికి పోవాలి.

ఈ పరీక్ష హాస్టల్లో చేయకూడదు, బాక్టీరియాను పెంచడం ప్రమాదం. ల్యాబులో వాడిన పళ్లేలను కూడా 121 డిగ్రీల ఆవిరిలో ఉడికించాకే పారేస్తారట.