షిల్లరు వైను

జర్మను మహాకవి షిల్లరు 1759వ సంవత్సరమున నెక్కారు నదీతీరమందలి మార్బాకు అను చిన్న పట్టణమున జన్మించెను. ఆ సీమ యంతయు ద్రాక్షతోటలే. షిల్లరు వైను అను నొక తేలిక యాసవము అచ్చటనే పుట్టుచున్నది. పేరు విన్నవారు దానిని కవిగారి పేరే యనుకొందురు. కాదు. జర్మను భాషలో 'షిల్లెర్న్' అనగా తళుకులీనుచు రంగులు మాఱుట. ఎఱుపనుటకును తెలుపనుటకును వీలులేని వన్నెనుబట్టి వచ్చిన పేరిది.

గృహిణుల పత్రికలో వైను మాట యేల యని కొందఱు సోదరీమణులు నొసలు ముడిచెదరేమో. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయంగళ్లపై తిరుగబడిన సంగతిని మేము మఱచినవారము కాము. ఔషధముగా ద్రాక్షారిష్టము తప్ప ద్రాక్షతో చేసిన మద్యమేదియు మా యింట అడుగిడలేదు. అయినను కౌటిల్యుడు ద్రాక్షరసపు మద్యమునకు 'మధువు' అని పేరు చెప్పి, పుట్టిన దేశమునుబట్టి దానిని కాపిశాయనము, హారహూరకము అందురని వ్రాసిన చోటు చిన్ననాట తండ్రిగారియొద్ద చదివినది మొదలు, దాని రుచి యెట్టిదోయను కుతూహలము మమ్ము విడువలేదు. స్టుట్గార్టు నగరమున ఉద్యోగము చేయు మా తమ్ముని యింటికి మావారితో పోయినపుడు అది యొక గుక్కెడు తీఱినది.

చేయు విధము ముందు చెప్పవలెను. నల్లద్రాక్షను చిదిమి చూడుడు. లోపలి రసము చాలవఱకు రంగులేనిదే. రంగంతయు తోలులో నుండును. వగరు తోలులోను గింజలోను ఉండును. ఎఱ్ఱవైను చేయువారు తోళ్లతోనే పులియబెట్టుదురు. తెల్లవైను చేయువారు ముందే పిండి తోళ్లను తీసివేయుదురు. షిల్లరు వైనునకైతే ఎఱ్ఱపండ్లను తెల్లపండ్లను కలిపి నలిపి, తోళ్లను ఎక్కువసేపు నాననీయక పిండి, ఆ రసమును పులియనిత్తురు. కలుపుట పండ్లుగానో గుజ్జుగానో ఉన్నప్పుడే జరుగవలెను. వైనైన పిమ్మట ఎఱుపును తెలుపును ఒక పాత్రలో పోసి యీ పేరు పెట్టుటకు అచ్చటి చట్టము ఒప్పుకొనదు. ఆవుపాలు గేదెపాలు కలిపి తోడువేసిన పెరుగు ఒకటి. వేఱువేఱుగా తోడుకొన్న పెరుగులను గిలకొట్టి కలిపినది వేఱొకటి. వంటింటివారికి ఇంతకంటె చెప్పనక్కఱలేదు.

ఈ భేదము పట్టింపు మాత్రము కాదు, పొట్టకూటి మాట. సిద్ధమైన ఎఱ్ఱవైనును తెల్లవైనును కలిపి గులాబివన్నె వైనని అమ్మనీయవలెనని ఐరోపా సమాఖ్యవారు 2009లో తలపెట్టగా, ఫ్రాన్సు, ఇటలీ దేశముల తోటవారు గగ్గోలెత్తిరి. ఆ యేటి జూనులోనే ఆ యోచన విడువబడెను. షాంపేను సీమకు మాత్రము మినహాయింపు కలదు. చౌకగా కలిపి అమ్మువాని యెదుట, తోళ్లు నానిన గంటలు లెక్కపెట్టుకొనువాడు ఎట్లు నిలువగలడు?

పూర్వము నెక్కారు సీమలో రెండుజాతుల తీగెలను ఒకే తోటలో కలిపి నాటెడివారు. మంచు కొట్టి యొకటి పోయినను మఱియొకటి దక్కునని రైతు ముందుచూపు. మన మెట్టపొలమున జొన్నలో కంది వేయుట వంటిది. కోతనాడు అన్నియు ఒకే గంపలో పడెడివి. ఇప్పుడు సాధారణముగా జాతికొక మడి.

అచ్చట తోటవాడు వాకిట చీపురు వ్రేలాడగట్టినచో లోపల తన తోట వైను దొరకునని గుర్తు. మన వాకిట చీపురు వ్రేలాడిన అత్తగారు ఊరకుందురా! అట్టి యిల్లు ఏడాదికి 4 మాసములకు మించి తెఱచియుండరాదు, 40 మందికి మించి కూర్చుండరాదు. మేము పోయిన యింట ఇల్లాలే వడ్డించినది. పావులీటరు పట్టు, పిడిగల గాజుపాత్ర మా ముందుంచినది. తమ వైనులో ట్రోలింగరను ఎఱ్ఱపండు, రీస్లింగను తెల్లపండు కలియునని చెప్పినది.

పాత్రను కిటికీవైపు ఎత్తి చూచితిమి. దానిమ్మగింజలు కడిగిన నీటివన్నె. నాలుకకు తొలుత తగిలినది పులుపు. ఉసిరిక పులుపు కాదు, రేగుపండుది. వెంటనే సన్నని తీపి. మ్రింగిన పిదప నేరేటిపండు వగరులో నాలవవంతు. షడ్రసములలో మూడు ఒక్క గుక్కలో వరుసగా వచ్చినవి. నోట వేసికొనగనే రసమొసగు కవిత్వమును ద్రాక్షాపాకమందురు గదా. ఆ పండు పులిసినచో నిదానము నేర్చునని తోచెను. మావారు మాత్రము "పులిసిన చెఱకురసము" అని పాత్ర ప్రక్కకు జరిపిరి.

కన్ను నాలుకను మోసగించునను మాట మాకు జ్ఞాపకము వచ్చినది. ఫ్రాన్సులోని బోర్డో నగరమున వైను విద్య నేర్చు 54 గురు విద్యార్థులకు తెల్లవైనులో ఎఱ్ఱరంగు కలిపి ఈయగా, వారు దానిని ఎఱ్ఱవైనునకు తగు మాటలతోనే వర్ణించిరని 2001లో ప్రకటింపబడినది. కావున కనులు మూసికొని రెండవ గుక్క తీసికొంటిమి. వగరు సగము మాయమయ్యెను. తొలి గుక్కలోని ఆ సగము మా కంటిదే కాబోలు! పులుపు మాత్రము చెక్కుచెదరలేదు. గొప్ప వైనుల పంక్తిలో దీనికి పీట వేయరందురు. ఎవరిని అనుకరింపక తనంత తానైయున్న యీ రుచి మాకు నచ్చినది. మూడవ గుక్క త్రాగలేదు.

ఆ యిల్లాలు కిటికీలోనుండి కొండచరియను చూపినది. రాతిగోడలు కట్టి మెట్లు మెట్లుగా మలచిన మడులవి. యంత్రము దూరదు, అంతయు చేతిపని. పని కిట్టక ఆ సీమలో అట్టి మడులు పలుచోట్ల బీడుపడుచున్నవి. తన కొడుకునకు పట్టణములో ఉద్యోగము, తోట పట్టనన్నాడట. "నా చేతులాడునంతవఱకు చీపురు కట్టెదను" అని మా తమ్మునితో చెప్పి, ఖాళీపాత్రలు తీసికొని లోపలికి పోయినది.