ముందు సీటు ఖాళీ

కిట్‌లోని ప్లాస్టిక్ బొమ్మ విమానానికి పై రెక్కను అతికించే ముందు చాలాసేపు తిప్పి తిప్పి చూశాను. కొసలు రెండూ వెనక్కి వాలి ఉన్నాయి. అచ్చులో తేడా వచ్చిందేమో అనుకున్నాను. మా పోచారం నుంచి చర్లపల్లి, నాచారం వైపు వెళ్తే ప్లాస్టిక్ మౌల్డింగ్ షెడ్లు కనిపిస్తాయి. వేడి తగ్గకముందే డై లోంచి తీస్తే ముక్క వంగిపోతుందని ఇక్కడ చాలామందికి తెలుసు. కానీ ఈ వాలు అచ్చుది కాదు, విమానానిదే.

దాని పేరు టైగర్ మాత్. బ్రిటన్‌లో డి హావిలాండ్ కంపెనీ తయారుచేసిన శిక్షణ విమానం. 1931 అక్టోబరు 26న తొలిసారి ఎగిరింది. పైనొక రెక్క, కిందొక రెక్క, 130 హార్స్‌పవర్ ఇంజిన్, కప్పులేని రెండు సీట్లు. ముందు సీటులో గురువు, వెనక శిష్యుడు. గురువు నెత్తి మీదే పెట్రోలు ట్యాంకు, చుట్టూ దాన్ని మోసే కడ్డీలు. దీనికి ముందటి నమూనాలో ఆపద వస్తే పారాచూట్‌తో దూకడానికి ఆయనకు సరైన దారి లేదు. అందుకని పై రెక్కను ముందుకు జరిపారు. దాంతో తూకం తప్పింది. అది సరిచేయడానికే కొసలను వెనక్కి వాల్చారు. ఇదంతా 12 సెంటీమీటర్ల పైచిలుకు ప్లాస్టిక్ రెక్క నాకు నేర్పింది. అసలు రెక్కలు దీనికి 72 రెట్లు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో మన హైదరాబాద్‌లోని బేగంపేటలో ఒకటో నంబరు ఎలిమెంటరీ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూలు నడిచింది. కుర్రాళ్లు ఈ విమానంతోనే అక్కడ గాలిలోకి లేచారు. మన ఊరి ఆకాశంలో తిరిగిన విమానం మన పిల్లల బల్ల మీద ఉండాలని నా కోరిక. పెట్టెలో వచ్చిన బ్రిటిష్ గుర్తులు పక్కన పెట్టేశాను. స్వాతంత్ర్యం తర్వాత మన వైమానిక దళం వాడిన ఆకుపచ్చ, తెలుపు, కాషాయ వలయాలను సన్న కుంచెతో నేనే వేశాను.

కష్టమంతా రెక్కల మధ్య బిగించే తీగల దగ్గరే. కిట్ భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం, అంటే స్ప్రూలో మిగిలిన ముక్కను కొవ్వొత్తి సెగకు మెత్తబరిచి, మంట నుంచి తీసి మెల్లగా సాగదీస్తే వెంట్రుకంత పోగు వస్తుంది. తొందరపడితే తెగుతుంది. కింది రెక్క మొదలు నుంచి పై రెక్క కొస వైపు వెళ్లే తీగలు ఎగురుతున్నప్పుడు రెక్కలు పైకి విరిగిపోకుండా పట్టి ఉంచుతాయి. పై రెక్క నడుమ నుంచి కిందికి దిగేవి నేల మీద రెక్కల బరువు మోస్తాయి. ఈ సంగతి తెలిశాక ఒక్క తీగనైనా వదిలేయడానికి మనసొప్పలేదు. మూడు ఆదివారాలు పట్టింది.

కిట్‌లో పైలట్ బొమ్మలు రెండున్నాయి. ఒక్కదాన్నే వెనక సీటులో అతికించాను. టైగర్ మాత్‌ను ఒంటరిగా నడిపేవాళ్లు తూకం కోసం వెనకే కూర్చుంటారు. గురువు దిగిపోయి, బేగంపేట కుర్రాడు మొదటిసారి ఒక్కడే ఎగురుతున్నాడు.