కాఫీ మొక్కకు డీఎన్ఏ సాక్ష్యం

నర్సరీ సంచుల్లో కాఫీ మొక్కలన్నీ ఒకేలా నిగనిగలాడుతుంటాయి. రైతు చీటీ మీది పేరు నమ్మి కొంటాడు. మోసమో పొరపాటో జరిగితే, కాపుకొచ్చే మూడు నాలుగేళ్లకు గానీ బయటపడదు.

మధ్య అమెరికాలో పండించే 'సెంట్రోఅమెరికానో' సంగతే చూడండి. ఆకుతుప్పును తట్టుకునే టీ5296, రూమే సూడాన్ రకాలను కలిపి పుట్టించిన సంకరం ఇది. గింజ నాటితే తల్లి గుణాలు చెదిరిపోతాయి. అందుకే టిష్యూ కల్చర్‌లో, ఆకు ముక్కల నుంచి క్లోన్లు పెంచుతారు. వాటి ఖరీదెక్కువ. గింజ మొక్కల్ని అదే పేరుతో అంటగట్టే వీలూ ఉంది.

గుట్టు విప్పడానికి ఆకు చాలు. ల్యాబ్‌లో దాని డీఎన్ఏ తీసి, రకాన్ని బట్టి మారే కొన్ని చోట్లను అసలు మొక్క నమూనాతో పోలుస్తారు. క్లోన్ అయితే అన్నీ సరిపోవాలి. గింజ మొక్కలో మాత్రం, తల్లికి రెండు రూపాలున్న కొన్ని చోట్ల ఒక్కటే కనిపిస్తుంది.

గింజతో పెంచే రకాలకూ ఈ పరీక్ష పనికొస్తుంది. 2020లో వెలువడిన ఓ అధ్యయనంలో మార్సెల్లెసా నమూనాల్లో 91 శాతం అసలైనవని తేలింది. వేలంలో భారీ ధర పలికే గీషా పేరుతో వచ్చినవాటిలో సరిపోయినవి 39 శాతమే!

అయితే మొక్క ఆరోగ్యంగా ఉందా, వేళ్లు బాగున్నాయా అన్నది ఈ పరీక్ష చెప్పదు. దానికి రైతు కళ్లే కావాలి.