ముప్పై అయిదు నిమిషాల పాటల వెనక: ‘వాట్స్ గోయింగ్ ఆన్’ విశేషాలు

మార్విన్ గే ఆల్బమ్ ‘వాట్స్ గోయింగ్ ఆన్’ 1971 మే 21న విడుదలైంది. నల్లజాతి అమెరికన్ల చర్చి గానమూ, బ్లూసూ కలిసి పుట్టిన సోల్ సంగీతంలో దానిది చెక్కుచెదరని స్థానం. ముప్పై ఏళ్ల తర్వాత, 2001లో, పాత టేపులు వెలికి తీసి రెండు సీడీల డీలక్స్ ఎడిషన్ తెచ్చారు. ఎల్పీని అరిగేదాకా విన్న అభిమానులు కూడా దాన్ని కళ్లకద్దుకున్నారు. గాయకుడు ఏది ఉంచుకున్నాడో, ఏది వదులుకున్నాడో, ఏది మార్చుకున్నాడో అందులో వాళ్ల చెవులకే తెలిసింది. ఆ ఆనందం ఎక్కడెక్కడ దొరుకుతుందో చూద్దాం.

విత్తనం పడింది బర్క్‌లీలో

1969 మే 15న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో, పీపుల్స్ పార్క్ దగ్గర నిరసనకారుల మీద పోలీసులు విరుచుకుపడ్డారు. ‘ఫోర్ టాప్స్’ బృంద గాయకుడు రెనాల్డో ‘ఓబీ’ బెన్సన్ అది చూసి తల్లడిల్లాడు. రచయిత ఆల్ క్లీవ్‌లాండ్‌తో కలిసి, తర్వాత ఆల్బమ్‌కు పేరిచ్చిన పాటను మొదలుపెట్టాడు. సొంత బృందం దాన్ని పాడనంది. అప్పుడది మార్విన్ గే చేతికొచ్చింది. అతను కొత్త మాటలు, కొత్త మలుపులు చేర్చాడు. మొదట ‘ఒరిజినల్స్’ అనే బృందంతో పాడించాలనుకున్నాడు. నువ్వే పాడాలని బెన్సన్ పట్టుబట్టాడు.

యజమాని వద్దన్న పాట

1970 జూన్‌లో రికార్డైన ఈ పాట మార్విన్ రికార్డు కంపెనీ మోటౌన్ అధిపతి బెర్రీ గోర్డీకి నచ్చలేదు. ఇది అమ్ముడుపోదన్నాడు. దీన్ని విడుదల చేసేదాకా ఇంకేదీ పాడేది లేదని మార్విన్ భీష్మించాడు. చివరికి 1971 జనవరిలో సింగిల్ బయటికొచ్చింది. మొదట వేసిన లక్ష కాపీలు చూస్తుండగానే చెల్లిపోయాయి. సోల్ పాటల పట్టికలో అది మొదటి స్థానానికి, అమెరికా మొత్తం పట్టికలో రెండో స్థానానికి ఎక్కింది. అప్పుడు గోర్డీయే ఆల్బమ్ కావాలన్నాడు, అదీ వెంటనే. మిగతా పాటలు మార్చి నెలలో కొద్ది రోజుల్లోనే రికార్డయ్యాయి.

సరదాగా ఊదిందే ఆరంభమైంది

పాట మొదట్లో వినిపించే ఆ ఆల్టో సాక్సఫోన్ వాయించింది ఈలై ఫాంటెయిన్. అతను అప్పటికింకా వాద్యం సవరించుకుంటూ, చేతికొచ్చింది ఊదుతున్నాడు. టేపు తిరుగుతోంది. నాకు కావాల్సింది దొరికింది, ఇక ఇంటికెళ్లొచ్చని మార్విన్ అన్నాడట. సరదాగా వాయించానంతే అని ఫాంటెయిన్ చెప్పినా, ఆ సరదాయే కావాలన్నాడు. ఈ సంగతి తెలిశాక వింటే ఆ మొదటి క్షణాలు మరింత తేలిగ్గా, మరింత స్వేచ్ఛగా వినిపిస్తాయి.

అనుకోకుండా కలిసిన రెండు గొంతులు

మార్విన్ ప్రధాన గాత్రాన్ని రెండుసార్లు పాడాడు. ఏది బాగుందో పోల్చి చూసుకోవడానికి రెండూ టేపు మీద పెట్టమన్నాడు. ఇంజనీరు కెన్ సాండ్స్ వినిపించేటప్పుడు రెండూ ఒకేసారి మోగాయి. తన గొంతుకు తనే జవాబు చెబుతున్నట్టున్న ఆ ధ్వని మార్విన్‌కు తెగ నచ్చింది. అక్కణ్నుంచి అదే అతని గుర్తింపు అయిపోయింది. డీలక్స్ ఎడిషన్‌లోని వేర్వేరు మిక్స్‌లు పక్కపక్కన వింటుంటే, ఒక గొంతు ముందు నడుస్తుంటే ఇంకోటి ఎక్కడ వెనక్కి తగ్గుతుందో పోల్చుకోవడం మొదలుపెడతారు. ఈ ఆల్బమ్ అభిమానులకు అదొక తీరని వ్యసనం.

నేల మీద పడుకుని వాయించిన బేస్

టైటిల్ పాటకు బేస్ గిటార్ వాయించింది జేమ్స్ జేమర్సన్. అతను కావాల్సిందేనని మార్విన్ క్లబ్బుల్లో వెతికించి మరీ రప్పించాడు. వచ్చేసరికి జేమర్సన్ స్టూలు మీద కూర్చోలేనంతగా తాగి ఉన్నాడనీ, నేల మీద వెల్లకిలా పడుకునే వాయించాడనీ అరేంజర్ డేవిడ్ వాన్ డిపిట్ తర్వాత చెప్పాడు. ఆ వాయిద్యం ఈనాటికీ బేస్ నేర్చుకునేవాళ్లకు పాఠ్యాంశమే. ‘మెర్సీ మెర్సీ మీ’, ‘ఇన్నర్ సిటీ బ్లూస్’ పాటలకు మాత్రం బేస్ వాయించింది బాబ్ బాబిట్.

అట్ట మీదికెక్కిన పేర్లు

మోటౌన్ హిట్ పాటలన్నిటి వెనకా ఉన్న వాద్యబృందం పేరు ‘ఫంక్ బ్రదర్స్’. ఏళ్ల తరబడి వాళ్ల పేర్లు ఏ రికార్డు మీదా అచ్చు కాలేదు. ఈ ఆల్బమ్‌తో ఆ లోటు తీరింది. తీగ వాద్యాలు డెట్రాయిట్ సింఫనీ ఆర్కెస్ట్రా కళాకారులవి. వాళ్లకు ముందు నిలిచింది ఆ ఆర్కెస్ట్రా ప్రధాన వయొలినిస్టు గోర్డన్ స్టేపుల్స్.

లిఫ్టు నడిపిన రచయిత

‘ఇన్నర్ సిటీ బ్లూస్’ రచనలో మార్విన్‌కు తోడుగా ఉన్న జేమ్స్ నిక్స్ మోటౌన్ కార్యాలయ భవనంలో లిఫ్టు నడిపేవాడు. ‘వాట్స్ హాపెనింగ్ బ్రదర్’లోనూ అతని చెయ్యి ఉంది. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుడి గోడు ఆ పాట. మార్విన్ తమ్ముడు ఫ్రాంకీ ఆ యుద్ధంలో పనిచేసి వచ్చినవాడే.

ఆ కబుర్లు ఎవరివి?

టైటిల్ పాట మొదట్లో వినిపించే స్నేహితుల పలకరింపుల్లో, అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డెట్రాయిట్ లయన్స్ ఆటగాళ్లు మెల్ ఫార్, లెమ్ బార్నీల గొంతులున్నాయి. 1970లో మార్విన్ ఆ జట్టులో చేరాలని గట్టిగా కసరత్తు చేశాడు. జట్టులో చోటు దొరకలేదు గానీ స్నేహం మిగిలింది. అది పాటలోకీ వచ్చింది.

అవే పాటలు, రెండు మిక్స్‌లు

డీలక్స్ ఎడిషన్‌లో అందరూ మొదట చెప్పుకునేది ‘డెట్రాయిట్ మిక్స్’ గురించే. స్టూడియోలో ఒక్కో వాద్యం, ఒక్కో గొంతు టేపు మీద వేర్వేరు వరుసల్లో రికార్డవుతాయి. వాటిలో దేన్ని పెంచాలో, దేన్ని తగ్గించాలో, దేనికి ప్రతిధ్వని కలపాలో తేల్చి ఒక్కటిగా చేసేదే మిక్సింగ్. 1971 ఏప్రిల్ 5న డెట్రాయిట్‌లో మొత్తం ఆల్బమ్ మిక్స్ సిద్ధమైంది. మార్విన్ మనసు కుదుటపడలేదు. టేపులు పట్టుకుని లాస్ ఏంజెలెస్ వెళ్లి, సౌండ్ ఫ్యాక్టరీ అనే స్టూడియోలో మే నెలలో మళ్లీ మిక్స్ చేయించాడు. లోకమంతా విన్నది ఈ రెండోదే.

మొదటిది 2001 దాకా బయటి శ్రోతలకు అందలేదు. అది వింటే కాంగా, డ్రమ్స్, బేస్ ముందుకొచ్చి నిలుస్తాయి. ప్రతిధ్వని తక్కువ. వాద్యబృందం ఉన్న గదిలోనే మనమూ కూర్చున్నట్టుంటుంది. రెండోదాంట్లో వయొలిన్లూ, గొంతులూ ఒకదాంట్లోకి ఒకటి కరిగి, పాటకూ పాటకూ మధ్య గీత చెరిగిపోతుంది. టేపు మీదున్న గానం ఒక్కటే, వినిపించే లోకాలు మాత్రం రెండు. సంగీతంలో మిక్సింగ్ ఎంత పెద్ద కళో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

గొంతు తీసేస్తే

టైటిల్ పాటకు వాద్యాలు మాత్రమే వినిపించే మిక్స్ ఒకటి కూడా ఈ ఎడిషన్‌లో ఉంది. గాత్రం పక్కకు తప్పుకోగానే వాన్ డిపిట్ కూర్చిన వయొలిన్ వరుసలు, వాటి కింద జేమర్సన్ వేళ్లు తీసే పరుగులు స్పష్టంగా పైకొస్తాయి. ఎన్నోసార్లు విన్న పాటలో ఇన్ని పొరలున్నాయా అని ఆశ్చర్యమేస్తుంది.

సింగిల్ రికార్డుల వెనక వైపు

1971 జనవరి సింగిల్‌కు వెనక వైపున్న ‘గాడ్ ఈజ్ లవ్’ ఆల్బమ్‌లోది కాదు, ఇంకా పొడవైన వేరే రికార్డింగ్. ‘మెర్సీ మెర్సీ మీ’ సింగిల్ వెనక ఉన్న ‘శాడ్ టుమారోస్’ అయితే ఆల్బమ్‌లోని ‘ఫ్లయింగ్ హై’కి తొలి రూపం. ఇవన్నీ డీలక్స్ ఎడిషన్‌లో ఒక్కచోట చేరాయి. పాత సింగిల్స్ కోసం రికార్డు దుకాణాలు గాలించిన సేకర్తలకు ఇదొక పండగ.

సొంతూరి కచేరీ

మార్విన్ పుట్టింది వాషింగ్టన్‌లో, 1939 ఏప్రిల్ 2న. అతనితో యుగళగీతాలు పాడిన టామీ టెరెల్ 1967లో వేదిక మీదే అతని చేతుల్లో కుప్పకూలింది. మెదడులో కణితితో 1970 మార్చి 16న కన్నుమూసింది. ఆ దుఃఖంతో మార్విన్ వేదికలకు దూరమయ్యాడు. మళ్లీ అతన్ని జనం ముందుకు తెచ్చింది 1972 మే 1న వాషింగ్టన్ కెనెడీ సెంటర్ కచేరీ. ఆ రోజును నగరం మార్విన్ గే దినంగా జరుపుకుంది.

ఆ కచేరీ డీలక్స్ ఎడిషన్ రెండో సీడీలో ఉంది. 1960ల నాటి హిట్ పాటల మాలికతో మొదలుపెట్టి, ఆల్బమ్ రెండో వైపు పాటలు ముందు పాడి, తర్వాత టైటిల్ పాటకు వచ్చాడు. చివర్లో ‘ఇన్నర్ సిటీ బ్లూస్’, ‘వాట్స్ గోయింగ్ ఆన్’ మళ్లీ అందుకున్నాడు. స్టూడియోలో తన గొంతుకు తానే తోడు పాడుకున్న మనిషి ఇక్కడ ఒక్క గొంతుతో నిలబడాలి. ఆ బెరుకూ వినిపిస్తుంది, దాన్ని దాటిన తీరూ వినిపిస్తుంది. 2019లో ఈ కచేరీ విడి ఆల్బమ్‌గానూ వచ్చింది.

అదనపు పాటలకు చోటెక్కడిది?

ఒక ఎల్పీలో మామూలుగా పట్టేది నలభై నిమిషాల పైచిలుకు సంగీతం. సీడీలో దాదాపు 80 నిమిషాలు పడుతుంది. ‘వాట్స్ గోయింగ్ ఆన్’ మొత్తం తొమ్మిది పాటలే, నిడివి ముప్పై అయిదు నిమిషాల పైన కొద్దిగా. అందుకే ఒక్క సీడీలోనే అసలు ఆల్బమూ, డెట్రాయిట్ మిక్సూ పక్కపక్కన అమరాయి. ఇష్టమైన పాటను రెండు రూపాల్లో వెంటవెంటనే పోల్చి వినే వీలు అలా కలిగింది. 2011లో నలభయ్యో వార్షికోత్సవానికి వచ్చిన ఎడిషన్‌లో డెట్రాయిట్ మిక్స్‌ను ఎల్పీగానూ ఇచ్చారు.

ఇప్పుడది మ్యూజియం

ఈ పాటలకు ప్రాణం పోసిన మోటౌన్ స్టూడియో డెట్రాయిట్‌లో, 2648 వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్‌లోని ఇంట్లో ఉండేది. 1985లో బెర్రీ గోర్డీ అక్క ఎస్తర్ గోర్డీ ఎడ్వర్డ్స్ దాన్ని మ్యూజియం చేశారు. డెట్రాయిట్ శివార్లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు చూపించే చోట్లలో దీన్నీ చేర్చుకోండి.

ఏ వరుసలో వినాలి?

రోలింగ్ స్టోన్ పత్రిక అయిదు వందల అత్యుత్తమ ఆల్బమ్‌ల జాబితాలో 2003లో దీనికి ఆరో స్థానమిచ్చింది. 2020లో మొదటి స్థానం. కొత్తగా వినేవాళ్లు ముందు ఆ తొమ్మిది పాటలే, మధ్యలో ఆపకుండా వినండి. అవి బాగా వంటబట్టాక డెట్రాయిట్ మిక్స్, తర్వాత సింగిల్ రూపాలు, ఆ పైన కచేరీ. మొదటే అన్నీ కలిపి వింటే తేడాలు చెవికి అందవు. ఈ వరుసలో విన్నాక మళ్లీ అసలు ఆల్బమ్ పెట్టుకుంటే, చేతిలో పూర్తయిన మిక్స్ ఉండి కూడా టేపులు తీసుకుని లాస్ ఏంజెలెస్ బయల్దేరిన మార్విన్ గే నిర్ణయం ఎంత సరైనదో మీరే ఒప్పుకుంటారు. అతను పక్కన పెట్టిందీ గొప్పదే. దానికంటే మెరుగైనది తన లోపల ఉందని అతనికి తెలుసు. అది మన చెవులతో మనమే తేల్చుకునే అవకాశం ఇచ్చినందుకు ఈ డీలక్స్ ఎడిషన్‌కు రుణపడి ఉంటాం.