రాచపుండు కంతిలో ప్రాణవాయువు

నోరు, గొంతు, స్వరపేటికలలో పుట్టు రాచపుండును (కాన్సరును) కిరణచికిత్సచే నయము చేయవచ్చును. అయితే ఒకే పరిమాణము గల రెండు కంతులకు ఒకే మోతాదు కిరణములు ఇచ్చినను, ఒకటి కరగిపోవచ్చును, మరియొకటి మరల పెరుగవచ్చును. ఈ భేదమునకు గల కారణములలో ప్రాణవాయువు ముఖ్యమైనది.

కిరణములు కణమునకు చేసిన గాయమును ప్రాణవాయువు శాశ్వతము చేయును. అది లేనిచో కణము తన గాయమును మాన్పుకొనగలదు. కంతి త్వరగా పెరుగునపుడు రక్తనాళములు దానికి తగినట్లు పెరుగవు. నాళమునకు మిల్లీమీటరులో ఐదవ వంతు దూరము దాటిన చోటికి ప్రాణవాయువు చేరుట అరుదని 1955లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు థామ్లిన్సన్, గ్రే కనుగొనిరి. ప్రాణవాయువు బొత్తిగా లేని కణములను చంపుటకు రెండున్నర మొదలు మూడు రెట్ల కిరణములు కావలెను.

ఈ కొరతను కొలుచుటకు పూర్వము కంతిలోనికి సూదివంటి పరికరమును దింపెడివారు. అట్లు కొలిచిన 397 మంది తల, మెడ కాన్సరు రోగుల వివరములు 2005లో వెలువడినవి. కొరత హెచ్చుగా నున్నవారు తక్కువ కాలము జీవించిరి. ఇపుడు సూది లేకయే పెట్ స్కాన్ ద్వారా చిత్రము తీయవచ్చును. ఫ్లోరిన్-18 చేర్చిన మిసోనిడజోల్ అను మందును నరములోనికి ఎక్కింతురు. అది ప్రాణవాయువు కొరవడిన సజీవ కణములలో నిలిచి, కొన్ని గంటల పిమ్మట తీసిన చిత్రములో ఆ చోటును చూపును. ఈ పరీక్ష నేటికిని ఎక్కువగా పరిశోధనాలయములకే పరిమితము.

బీజాపూరునుండి రాయపూరు 400 కిలోమీటర్లకు పైగా దూరము. భోపాలపట్నమువైపు తెలుగువారిలో హైదరాబాదునకు పోవువారును కలరు. అట్టి చిత్రము లభింపకున్నను, అది తెలిపిన సత్యము గ్రామవాసికిని ఉపయోగించును. బీడీ, చుట్టల పొగలోని విషవాయువు రక్తములో ప్రాణవాయువు స్థానమును ఆక్రమించును. చికిత్సాకాలమున పొగ త్రాగువారికి కిరణముల ఫలితము తగ్గుచున్నదని 1993లో కెనడాలో వెల్లడియైనది. గుడాఖు, ఖైనీ, గుట్కాలు పొగ లేనివైనను రాచపుండునకు కారణములే. బస్తరులో మలేరియా, సికిల్ సెల్ వ్యాధుల వలన రక్తహీనత కలుగుచుండును. కావున చికిత్సకు ముందు రక్తపరీక్ష చేయించుకొని, వైద్యుని సలహా పొందవలెను.

మూడు వారములకు మానని నోటిపుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ, మారిన గొంతు, మెడలో గడ్డ కనిపించినచో వెంటనే ఆస్పత్రికి పోవలెను. కంతి చిన్నదిగా నున్నపుడు దానిలో ప్రాణవాయువు కొరత సాధారణముగా తక్కువ, నయమగు అవకాశము ఎక్కువ. ఆరేడు వారముల కిరణచికిత్సను నడుమ విడువరాదు. విడిచినచో మిగిలిన కణములు మరల పెరుగును.